తడివైపు నడిచే క్రీము

మా ఆవిడ హైమవతికి నా ఎడమ ముంజేయి అంటే ఎంత ఇష్టమో చెప్పలేను. పెళ్ళయిన కొత్తలో అది ప్రేమ అనుకుని పొంగిపోయాను. తరవాత తెలిసింది, కుడిచేతి మీద వెంట్రుకలు ఎక్కువట, క్రీములు పరీక్షించడానికి ఎడమ చెయ్యే అనుకూలమట. అప్పటినుంచీ ఆ చెయ్యి నాది కాదు. కాలేజీలో పిల్లలకి ఫిజిక్సు చెప్పేటప్పుడు మాత్రం వాడుకోనిస్తుంది.

హైమ కాకినాడ శివార్లలో ఒక క్రీముల కంపెనీలో పరిశోధన విభాగానికి పెద్ద. విభాగం అంటే మరీ ఊహించుకోకండి. ఆవిడ, ఇద్దరు సహాయకులు, ఒక మిక్సరు, నూనెని ఒకదాంట్లో నీటిని ఒకదాంట్లో వేడిచేసుకునే స్టీలు పాత్రలు. క్రీము అనగానే అందరూ రంగు గురించో వాసన గురించో మాట్లాడతారు. ఈవిడకి రెండే ప్రశ్నలు. వేలికి తగిలినప్పుడు ఎలా ఉంది? రాశాక ఎక్కడికి పోయింది?

రెండో ప్రశ్న మా ఊరివాళ్ళకి ప్రాణసంకటం. సముద్రం పక్కన ఊరు, గాలిలోనే సగం నీళ్ళు. ఎంత ఖరీదు క్రీము రాసినా కాసేపటికి మొహం అప్పుడే తీసిన బజ్జీలా నిగనిగలాడుతుంది. డబ్బా మీద బొమ్మ చూపించి అరచేతిలో వైకుంఠం చూపిస్తారు గానీ, ఆ వైకుంఠం తువ్వాలుకి అంటుకుపోతుందని ఎవరూ చెప్పరు. హైమ ఆ జిడ్డు మీద పగబట్టింది. పగ అనే మాట నేను ఊరికే వాడలేదు. ఈవిడ మా పాప కడుపులో ఉండగా కూడా వేవిళ్ళ మధ్య జిడ్డుని తిట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం నేను గోంగూర కలుపుకుంటూ ఉంటే వచ్చి నా ఎడమచెయ్యి లాక్కుంది. శనగగింజంత క్రీము పెట్టి వేలితో ఒక్క తిప్పు తిప్పింది.

"ఎక్కడుందో చూపించండి" అంది.

చూశాను. లేదు. జిడ్డు లేదు, మెరుపు లేదు, తెల్లటి చార లేదు. పల్చటి కాగితం ఒకటి అద్ది చూపించింది. కాగితం పొడిగా ఉంది. చెయ్యి మాత్రం మా పాప బుగ్గలా ఉంది.

"నా చర్మం తినేసిందా దీన్ని?"

"తినలేదు. తలుపు తీసి లోపలికి రమ్మంది."

ఆ తలుపు సంగతి నాకు అర్థమైనంతవరకూ ఇది. మన చర్మం పైపొర ఒక ఇటుకల గోడ. ఇటుకల మధ్య సిమెంటులా ఉండేది ఒక రకం కొవ్వు. ఇప్పటిదాకా వచ్చిన క్రీములన్నీ ఆ గోడ బయట పడిగాపులు పడినవే. కంటికి కనపడనంత చిన్న కొవ్వు పూసలు హైమ తయారుచేసింది. అచ్చం ఆ సిమెంటు పోలికే. గోడ వాటిని చూసి దొంగలనుకోదు, మేస్త్రీలనుకుని దారిస్తుంది. అది చాలదన్నట్టు వాటికి ఒక బుద్ధి కూడా నేర్పింది. పొడిగా ఉన్నచోటి నుంచి తడిగా ఉన్నచోటికి పోవడం. చర్మం పైన పొడి, లోపల తడి. అందుకని రాసీ రాయగానే లోపలికి పరుగు తీస్తాయి. పోతూ పోతూ దారిలో దొరికినదాన్ని భుజాన వేసుకుపోతాయి. కలబంద కలిపితే కలబంద, విటమిన్ కలిపితే విటమిన్.

"అలా ఎంతసేపు పరిగెడతాయి?"

"ఓ గంట. తరవాత వాటంతటవే కరిగిపోతాయి. ఆ గంటసేపు పైన ఇంకేమీ రాయకూడదు, అంతే."

ముంజేతి కంకణానికి అద్దమెందుకని నేను వెంటనే ఒప్పేసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు మా ఆవిణ్ణి చూసి నాకు చాలా గర్వంగా అనిపించింది. గోంగూర ముద్ద చేతిలోనే ఎండిపోయింది.

క్రీముకి నా చెయ్యి తరవాత దొరికిన ఆసామీ మా అమ్మ సుభద్రమ్మ కాళ్ళు. చలికాలం వస్తే అమ్మకి మోకాళ్ళ కింద చర్మం చేప పొలుసుల్లా లేచేది. కొబ్బరినూనె రాసింది, వెన్న రాసింది, వీధిలో ఎవరేం చెబితే అది రాసింది. ఏదీ పనిచెయ్యలేదు. హైమ ఒక డబ్బా ఇచ్చి, రోజూ పాప స్నానం అయ్యాక తీరిగ్గా రాసుకోమంది. నెల తిరక్కుండానే ఆ కాళ్ళు నున్నగా తేరాయి. ఇంక చూడాలి మా అమ్మ వైభవం. కూరగాయల బండి దగ్గర నలుగురాడవాళ్ళు కనపడితే చాలు, చీర కుచ్చిళ్ళు బెత్తెడు పైకెత్తి, "మా కోడలు చేసిందే! ఇంట్లోనే ఉంది డాక్టరు!" అని చెప్పేది. హైమ డాక్టరు కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా, "నీకేం తెలుసు, నువ్వూరుకో" అనేది.

కంపెనీ యజమాని సుదర్శనరాజుగారు ఒకసారి మా ఇంటికి కాఫీకి వచ్చి ఆ కాళ్ళు చూశారు.

"ఆయ్, సినిమావాళ్ళెందుకండీ మనకి? అమ్మగారి కాళ్ళే మన ప్రకటన. ఆదివారం ఫొటోగ్రాఫర్ని పంపిస్తానండీ" అన్నారు.

అమ్మ ఆ మాటకి సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయింది గానీ, ఆదివారం ఏ చీర కట్టుకోవాలో అప్పుడే తేల్చేసుకుంది.

ఇక్కడ పాప స్నానం గురించి చెప్పాలి. మా తరళకి అప్పుడు ఆరో నెల. హైమ ఉద్యోగానికి వెళ్ళడం మొదలుపెట్టింది కాబట్టి పగలంతా పాప అమ్మ దగ్గరే. అందులోనూ స్నానం పూర్తిగా అమ్మ సామ్రాజ్యం. బాత్రూములో పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు రెండూ బార్లా చాపి కూర్చుంటుంది. ఆ కాళ్ళమీద పిల్లని బోర్లా పడుకోబెట్టి, నువ్వులనూనె పట్టించి, పెసరపిండితో నలుగు పెట్టి, వేడినీళ్ళు చెంబులతో పోస్తుంది. మేము ఆ వైపు తొంగి చూడకూడదు. అంతా అయ్యాక ఆఖరి చెంబు నీళ్ళు పాప చుట్టూ తిప్పి పారబోసి, "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అంటుంది. పాప అప్పుడు ఒక నిట్టూర్పు విడిచి నిద్రలోకి జారుకుంటుంది. నేనూ ఆ కాళ్ళ మీద పెరిగినవాణ్ణే.

ఆదివారం వచ్చింది. శనివారం రాత్రి అమ్మ మోకాళ్ళ నొప్పికి ఎప్పుడూ రాసుకునే మందు, ఘాటుగా కర్పూరం వాసన కొట్టేది, పిక్కలదాకా దట్టంగా పట్టించుకుంది. పొద్దున్న లేచి, ఫొటో కోసం కాళ్ళు నున్నగా కనపడాలని క్రీము ముందే రాసుకుంది. తరవాత పాపకి నీళ్ళు పోసింది. రోజూ స్నానం తరవాత రాసుకునే క్రీము ఆ ఒక్కరోజూ స్నానానికి ముందు రాసుకుంది. అదే తేడా.

పాప మామూలుగానే నిద్రపోయింది. పాల వేళకి లేవలేదు. ఫొటోగ్రాఫరు వచ్చి లైట్లు సర్దుకుంటున్నాడు. హైమ ఉయ్యాలలోంచి పాపని ఎత్తుకుంది. తల వాలిపోయింది. పిలిచింది, బుగ్గ తట్టింది, అరికాలు గిల్లింది. పాప కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేసింది. హైమ దాని మొహం దగ్గర మొహం పెట్టి ఒక్కసారి ఆగిపోయింది.

"ఏవండీ, ఊపిరి వాసన చూడండి" అంది.

చూశాను. మా అమ్మ మోకాళ్ళ మందు వాసన. ఒంటి మీద కాదు, ఊపిరిలో. పాపని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాం.

పిల్లల డాక్టరు నిషాత్ గారు చాలా నెమ్మదైన మనిషి. పాపకి చెయ్యాల్సినవన్నీ చేసి, ఆక్సిజన్ పెట్టించి, అప్పుడు మావైపు తిరిగారు.

"ఏం రాశారమ్మా పాపకి? జలుబు చేసిందని బామ్ రాశారా ఛాతీకి? కర్పూరం ఉన్న మందులు చంటిపిల్లలకి తగలకూడదు. ఒంట్లోకి పోతే ఇలాగే మత్తు కమ్ముతుంది, ఫిట్స్ కూడా వస్తాయి."

"నేనేం రాయలేదు తల్లీ. నువ్వులనూనే, పెసరపిండీ. అంతే" అంది అమ్మ.

"మరి ఇంత ఎలా పోయిందండీ లోపలికి? పెద్దవాళ్ళు మంచికే చేస్తారు, కాదనను. కానీ చెప్పండి."

అమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది. వాసన చూసుకుంది. "రాత్రి మందు రాసుకున్నాను. పొద్దున్న చేతులు సరిగ్గా కడుక్కోలేదేమో" అంది.

మర్నాటికి పాప తేరుకుంది. ఆకలికి ఏడుస్తూ వార్డంతా లేపేసింది. అంత కమ్మటి ఏడుపు నేను అంతకుముందు వినలేదు. ఇంటికి తీసుకొచ్చాం. హైమ పాపని అమ్మకి అందించబోయింది. అమ్మ వెనక్కి జరిగి చేతులు కొంగులో దాచుకుంది.

"నాకివ్వకమ్మా. నా చేతులు మంచివి కావు" అంది.

పాప రెండు చేతులూ చాపి బామ్మ మీదకి దూకబోయింది. అమ్మ మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెంచిన చేతులని తనే విషం అనుకోవడం కన్నా శిక్ష ఏముంటుంది మనిషికి?

హైమ ఏడవలేదు. ఆవిడ ఆలోచిస్తోందంటే కింది పెదవి లోపలికి పోతుంది. పాపని నిద్రపుచ్చి నన్ను పెరట్లోకి రమ్మంది. మధ్యాహ్నం ఎండ కాస్తోంది.

"చేతులకి అంటుకున్న కాస్త మందుతో ఊపిరిలో వాసన రాదు" అంది. "ఫొటో కోసం అత్తయ్యగారు స్నానానికి ముందే క్రీము రాసుకున్నారట. మీ చెయ్యి కావాలి."

నా ఎడమ ముంజేతికి అమ్మ మోకాళ్ళ మందు రాసింది. అది ఆరిపోయేదాకా కూర్చోబెట్టి, పైన తన క్రీము రాసింది. తరవాత తన ముంజేతికి నువ్వులనూనె పట్టించి, పెసరపిండితో రుద్ది, వేడినీళ్ళు పోసుకుని, ఆ తడిచేతిని నా పొడిచేతి మీద ఆనించింది. అమ్మ కాళ్ళ మీద పాప పడుకున్నట్టు.

ఇద్దరం అలా కూర్చున్నాం. పక్కింటి డాబా మీద బట్టలారేస్తున్న సరోజినిగారు, ఈ వయసులో వీళ్ళకిదేం సరసం అనుకుని ఉంటుంది. నా చెయ్యి చల్లగానే ఉంది. కాసేపటికి హైమ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మండుతోంది" అంది.

మందు రాసింది నాకు. మండింది తనకి.

ఆ ఎర్రబడిన చేతిని కుళాయి కింద ఎంత కడిగినా మంట పోలేదు. లోపలికి వెళ్ళినది పైపైన కడిగితే ఎందుకు పోతుంది? హైమ కుళాయి కట్టేసి అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది.

"పొడి నుంచి తడికి పొమ్మని దానికి నేనే నేర్పాను. తడి ఎప్పుడూ లోపలే ఉంటుందనుకున్నాను. అత్తయ్యగారి ఎండిపోయిన కాళ్ళ కన్నా, వేడినీళ్ళల్లో నానిన పాప ఒళ్ళు తడి కదండీ. పూసలు వెనక్కి తిరిగాయి. రాత్రి రాసిన మందుని మోసుకుని పాపలోకి వెళ్ళాయి."

"నువ్వు ఎన్ని చేతుల మీద పరీక్షించావు హైమా!"

"చేతుల మీదే పరీక్షించాను. ఒక్కో మనిషిని ఒక్కో కుర్చీలో కూర్చోబెట్టి. పక్కన ఇంకో మనిషిని పెట్టలేదు. ఎవరి చర్మం వాళ్ళదే అనుకున్నాను, మన ఇళ్ళల్లో పుట్టి పెరిగి కూడా." అప్పుడు ఏడ్చింది. గట్టిగా, కోపంగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది.

మర్నాడు కంపెనీకి వెళ్ళాం. సాక్ష్యానికి నా చెయ్యి కావాలి కాబట్టి దాంతోపాటు నేనూ వెళ్ళాను. పెద్ద మిక్సరులో క్రీము తిరుగుతోంది. తెల్లగా, మీగడలా, చూస్తుంటేనే వేలు ముంచాలనిపించేట్టు. వారంలో ఊరూరా దుకాణాలకి వెళ్ళాలి. రాజుగారు అంతా విన్నారు. హైమ చేతి మీద మచ్చ చూశారు.

"అయ్యబాబోయ్. పాప బావుంది కదండీ? అదీ ముఖ్యం. మరి... డబ్బా మీద రాసేద్దామండీ. రాసుకున్న గంటదాకా చంటిపిల్లల్ని ముట్టుకోకూడదని."

"చంటిపిల్ల ఏడుస్తుంటే గంటసేపు ముట్టుకోకుండా ఉండే ఆడమనిషిని మీ ఇంట్లో చూపించండి రాజుగారూ. తలకి నూనె పెట్టేవాళ్ళు, కాళ్ళు పిసికేవాళ్ళు, పక్కలో వేసుకు పడుకునేవాళ్ళు. పురుగుల మందు కొట్టి వచ్చిన రైతు కాళ్ళు కడుక్కుని పిల్లాణ్ణి ఎత్తుకుంటాడు. వాడి పెళ్ళాం ఈ క్రీము వాడికీ రాసి ఉంటే?"

రాజుగారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు. చెడ్డమనిషి కాదు. చాలాకాలంగా ఈ రోజు కోసం ఎదురుచూసిన మనిషి.

"ఒక్క మాటడుగుతాను, ఏవనుకోకండి" అన్నారు మెల్లగా. "డాక్టరుగారు అమ్మగారి పొరపాటనే అనుకుంటున్నారు కదండీ. ఈ సంగతి మన ముగ్గురికీ తప్ప ఎవరికి తెలుసండీ?"

ఒక్క క్షణం నాకు భయం వేసింది. ఆ క్రీము కోసం మా ఆవిడ ఎన్ని ఆదివారాలు, ఎన్ని పండగలు పారబోసిందో నాకు తెలుసు. ఇంకాస్త మార్చి చూద్దాం, ఈలోగా పోనిద్దాం అంటే? అలా అనేవాళ్ళు లోకంలో లేరా?

"మా అత్తగారికి తెలీదు" అంది హైమ. "అదే వచ్చిన చిక్కు. ఆవిడ తన చేతులే అనుకుంటోంది. ఈ క్రీము బయటికి వెళితే ఇంటికో సుభద్రమ్మ అలాగే అనుకుంటుంది. క్రీము రాసుకున్న మనిషిలోకి ఇంకాలి రాజుగారూ, పక్కవాళ్ళలోకి కాదు. మిక్సరు ఆపమనండి."

"మరి మన పూసలు?"

"వాటికి ఆ తడి బుద్ధి తీసేస్తాను. అప్పుడు మామూలు క్రీము అవుతుంది. వేలికి మెత్తగానే ఉంటుంది, ఆ పూచీ నాది. ఇంకడానికి కాస్త టైము పడుతుంది. కాస్త జిడ్డుంటుంది."

జిడ్డుంటుంది అనే మాట ఆవిడ నోటి నుంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

రాజుగారు తన బుగ్గ తడుముకున్నారు. ఆయనా ఆ క్రీము రాసుకుంటున్నారని నాకు అప్పుడే తెలిసింది. "మా మనవడు రోజూ ఈ బుగ్గకి బుగ్గ రుద్దుతాడండీ, షేవింగు లోషను వాసన బావుంటుందని" అన్నారు. ఆయన లేచి, తనే వెళ్ళి మిక్సరు స్విచ్చి కట్టేశారు. హైమ అక్కణ్ణుంచే నిషాత్ గారికి ఫోను చేసి జరిగింది చెప్పింది. ఫోను పెట్టేశాక మిక్సరులోకి ఒకసారి తొంగి చూసి, వేలు ముంచబోయి, మానేసింది.

అన్నీ అయ్యాయి గానీ అమ్మ మాత్రం మారలేదు. హైమ కూర్చోబెట్టి ఇటుకలు, సిమెంటు, పూసలు, అన్నీ చెప్పింది. అమ్మ శ్రద్ధగా వింది.

"నీ మంచితనం కొద్దీ తప్పు నీ మీద వేసుకుంటున్నావమ్మా" అంది.

నిషాత్ గారు స్వయంగా ఫోను చేసి, "నేను తొందరపడ్డానమ్మా, మీ తప్పేం లేదు" అన్నారు. "ఆవిడా మంచిదే" అంది అమ్మ. పాపకి హైమే టబ్బులో స్నానం చేయిస్తోంది. పిల్ల ఆ టబ్బులో తెలియనివాళ్ళ ఇంటికి వచ్చినట్టు బిక్కమొహం వేసుకుని కూర్చునేది. అమ్మ ఆ వేళకి గుడికనో కూరలకనో ఏదో ఒక వంకతో బయటికి వెళ్ళిపోయేది. క్రీము మానేసిన కాళ్ళు మళ్ళీ పొలుసులు లేచాయి. వాటిని ఎవరూ చూడకుండా చీర నేలకి జీరాడేలా కట్టుకునేది.

ఒక ఆదివారం పొద్దున్న అమ్మ సంచీ పట్టుకుని బయల్దేరుతుంటే హైమ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పాత చీర చుట్టుకుంది. జుట్టు ముడేసుకుంది. చేతిలో నువ్వులనూనె గిన్నె, పెసరపిండి.

"అత్తయ్యగారూ, బాత్రూములో పీట వేశాను. నీళ్ళు కాగాయి. వచ్చి కూర్చోండి."

"నేను పాపకి పొయ్యనన్నానా!"

"పాపకి కాదు. నాకు."

"నీకేవిటే! మతిపోయిందా? ఇంత మనిషివి!"

"మీ చేతులు మంచివో కావో తేలాలి కదా. నేను పరీక్షించకుండా దేన్నీ నమ్మను, మీకు తెలుసు. ఇన్నాళ్ళూ మీ అబ్బాయి చెయ్యి వాడుకున్నాను. ఇవాళ నా ఒళ్ళు పెడుతున్నాను. రండి."

అమ్మ నావైపు చూసింది. నేను పాపనెత్తుకుని గోడవైపు తిరిగాను. ఆ ఇద్దరి మధ్యా దూరడానికి నాకెన్ని గుండెలు?

తలుపు వేసుకున్నారు. మాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. చాలాసేపు నీళ్ళ చప్పుడు లేదు. తరవాత అమ్మ గొంతు.

"నువ్వు నా కాళ్ళ మీద పట్టవు కదే. తలన్నా పెట్టు."

తరవాత నలుగుపిండి రుద్దుతున్న చప్పుడు, మొదట భయం భయంగా, పోను పోను గట్టిగా.

"ఏవిటే ఈ మట్టి! ఊరందరి చర్మాలూ చూసుకుంటావు, నీ వీపు సంగతి చూసుకోవా? చూడు, వత్తులు వత్తులుగా రాలుతోంది! పెద్ద సైంటిస్టువి!"

హైమ నవ్వుతోంది. నవ్వుతోందో ఏడుస్తోందో, అమ్మ చేతికింద అంతా ఒకటిగానే వినిపించింది. చెంబులు చెంబులుగా నీళ్ళు పడ్డాయి. ఆఖరి చెంబు దగ్గర అమ్మ ఆగింది. అలవాటు ఎక్కడికి పోతుంది? చెంబు తిప్పి పారబోసిన చప్పుడు, దాని వెనకే, "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు."

నా చేతుల్లో పాప ఉలిక్కిపడింది. ఆ మాట దానికి తెలుసు. తలుపువైపు చేతులు చాపి ఒకటే గోల.

తలుపు తెరుచుకుంది. హైమ తడిజుట్టుతో, ఒళ్ళంతా పెసరపిండి వాసనతో బయటికి వచ్చింది. "మీ చేతులు మంచివే అత్తయ్యగారూ, నాకేం కాలేదు" అన్నట్టు రెండు ముంజేతులూ వెలుగులో తిప్పి చూపించింది. లోపల అమ్మ పీట మీద కూర్చుని ఉంది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని ఉంది. పొలుసులు లేచిన కాళ్ళు రెండూ బార్లా చాపే ఉన్నాయి. వాటి మీద నీళ్ళు, కాస్త నూనె తప్ప ఇంకేమీ లేవు.

"నీళ్ళు చల్లారిపోతున్నాయి" అంది హైమ, ఎవరితోనో అన్నట్టు.

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చేతులు రెండూ సబ్బుతో ఒకసారి కడుక్కుంది. మళ్ళీ ఇంకోసారి కడుక్కుంది. అప్పుడు తలెత్తి నన్ను కసిరింది.

"ఒరేయ్ శేషూ, అలా గుడ్లప్పగించి చూస్తావేవిటిరా? పిల్లని ఇలా తే."